ఆవర్జాలో గీత కొట్టిన పేర్లు

ప్రశ్న: మాది కాశీబుగ్గ. మా తాతయ్య జీడిపప్పు వ్యాపారి. నిరుడు మాఘమాసంలో 86వ ఏట పోయారు. చిన్నతనంలో ఒక షావుకారు దగ్గర గుమస్తాగా చేరి, ముప్ఫయ్యో ఏట సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. సంవత్సరీకం నాటికి ఆయన జీవితం పుస్తకంగా తేవాలని పెదనాన్న అన్నారు. ఎం.ఏ. తెలుగు చదివానని రాసే పని నాకు అప్పజెప్పారు.

తాతయ్య గదిలో చెక్కబీరువా తెరిస్తే రోజువారీ లెక్కల పాత చిట్టాలు, మనిషికో ఖాతా రాసిన ఆవర్జాలు, ఒక సంచి నిండా ప్రోనోట్లు దొరికాయి. ఇవి ఉన్నట్టు మాలో ఎవరికీ తెలియదు. చాలా ఖాతాల్లో బాకీ మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. తిత్లీ తుపాను తరవాతి పుస్తకంలో అయితే పేజీలకు పేజీలు. "ఈ పేర్లు, మొత్తాలతో సహా వేద్దాం. నాన్న ఎంతమందిని నిలబెట్టాడో అందరికీ తెలియాలి" అంటున్నారు పెదనాన్న. ఆ పేర్లలో మా వీధివాళ్ళు, నాతో చదువుకున్న వాళ్ళ నాన్నలు ఉన్నారు. నాకు మనసొప్పడం లేదు.

మా నాన్నది ఇంకో మాట. ఎప్పుడో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు కూలి పెంచమని పని ఆపేస్తే తాతయ్య గేటుకి తాళం వేశారట. అది రాయొద్దంటున్నారు. చిన్నాన్న సెంటర్లో విగ్రహం పెడదామంటున్నారు. మామ్మని అడిగితే "ఏటుంది రాయడానికి, తిన్నోళ్ళకి తెలుసు" అని ఊరుకుంటుంది. తాతయ్య దగ్గర పనిచేసిన గుమస్తా ఒకాయన మందసలో కొడుకు దగ్గర ఉన్నారు. నేను రాయడానికి కూర్చుంటే దానశీలి, ధర్మమూర్తి, అజాతశత్రువు తప్ప ఇంకేమీ రావడం లేదు. ఏం చెయ్యను?
– ఒక మనవరాలు, కాశీబుగ్గ

సమాధానం:

అమ్మా, మీ మనసు చెప్పిందే సరైనది. ఆ పేర్లు వెయ్యకండి. పేర్ల పక్కన మొత్తాలూ వెయ్యకండి.

మీ పెదనాన్నగారి ఆరాటం నాకు తెలుస్తోంది. తండ్రి చేసిన మంచి తండ్రితోనే పోతుందేమోనని ఏ కొడుక్కైనా బెంగ ఉంటుంది. అయినా ఆయన దగ్గర నెమ్మదిగా కూర్చుని ఒక సంగతి గుర్తుచెయ్యండి. ఆ పుస్తకాలు ఉన్నట్టే మీలో ఎవరికీ తెలియదని మీరే రాశారు. ఇన్నేళ్ళలో ఒక్క పండగనాడైనా, ఒక్క పెళ్ళిలోనైనా ఆయన కొడుకుల్ని పిలిచి "ఫలానా వాడి బాకీ వదిలేశాను" అని చెప్పుకోలేదు. బాకీ వదులుకోవడం కలిగినవాళ్ళు చాలామంది చేస్తారు. వదిలేశాక ఆ మనిషి అదే వీధిలో రోజూ ఎదురుపడుతుంటే, మాటలో గానీ చూపులో గానీ ఆ సంగతి తగలనివ్వకుండా ఏళ్ళ తరబడి మామూలుగా పలకరించడం చాలా కొద్దిమందికి చేతనవుతుంది. మీ తాతగారిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించింది అదే. పేర్లు అచ్చేస్తే, ఆయన నోరు మెదపకుండా నిలబెట్టుకున్న దాన్ని ఆయన పోయాక ఆయన పిల్లలే పోగొట్టినట్టవుతుంది.

తీసుకున్నవాళ్ళ వైపు నుంచీ ఆలోచించండి. శ్రీకాకుళం జిల్లాలో అప్పు ఎంత బరువైన మాటో నేను మీకు చెప్పక్కర్లేదు. అప్పు తీర్చలేక భూమి వదులుకుని వలస పోయిన కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అలా పోకుండా నిలబడ్డవాళ్ళలో కొందరు మీ తాతగారి వల్ల నిలబడి ఉంటారు. వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉంటారు, వాళ్ళ ఇళ్ళకి సంబంధాలు వస్తుంటాయి. ఆ ఇంటిపేరు పక్కన మాఫీ అయిన బాకీ అచ్చులో కనిపిస్తే ఎవరు ఎలా వాడుకుంటారో మీ చేతుల్లో ఉండదు. పేరు తీసేసి "మా వీధి చివర ఇంటాయన" అని రాసినా మీ ఊళ్ళో గుర్తుపట్టేస్తారు. అదీ వద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. గీత కొట్టిన ప్రతి బాకీ మాఫీ అనుకోకండి. తోటల రైతులకి వ్యాపారి ముందుగా డబ్బిచ్చి, పిక్కలు దిగాక సరుకు రూపంలో జమ కట్టుకోవడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. మీ తోటల ప్రాంతం ఉద్దానంలో జీడి పూత డిసెంబరు, జనవరిల్లో వస్తుంది. పిక్కలు మార్చి నుంచి మే దాకా దిగుతాయి. కార్తీకంలో రాసిన అప్పు వైశాఖంలో కొట్టేసి ఉంటే అది చాలావరకు బస్తాలతో తీరిన బాకీయే అయి ఉంటుంది. ఆ రైతు నిజాయితీగా తీర్చిన అప్పుని మీరు తాతగారి దానంగా రాస్తే ఇద్దరికీ అన్యాయం. అదే ఏడాది చిట్టాలో 80 కిలోల బస్తాల జమ ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఆవర్జా, చిట్టా పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే ఇది తేలుతుంది. ఓపిక కావాలి, కానీ ఈ పని చెయ్యకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి.

ప్రోనోట్ల సంచీ కూడా అలాగే చదవాలి. నోటుకి మూడేళ్ళు గడువని ఊళ్ళో అక్షరం రానివాళ్ళకి కూడా తెలుసు. ఆ లోపల అప్పు తీసుకున్న మనిషి ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మళ్ళీ మూడేళ్ళు దొరుకుతాయి. లేదంటే నోటు తిరగరాయించుకోవాలి. అదీ కాదంటే కోర్టుకెళ్ళాలి. ఏదీ చెయ్యకపోతే నోటుకి కాలదోషం పట్టేస్తుంది. గుమస్తాగా మొదలై ఫ్యాక్టరీ యజమాని అయిన మనిషి ఆ తేదీలు మర్చిపోయి ఉంటారని నేను అనుకోను. అందుకని ప్రతి నోటూ తిరగేసి చూడండి. వెనక చెల్లు వరసగా ఉన్నవి ఒక కట్ట, ఏమీ లేనివి ఒక కట్ట చెయ్యండి. ఖాళీగా ఉన్నవాటి తేదీలు ఒకచోట రాసుకోండి. ఏ ఏళ్ళలో అవి గుంపుగా పడ్డాయో చూస్తే, ఆ ఏళ్ళలో పల్లెలకి ఏం వచ్చిందో, ఆయన ఏం చేశారో మీకే కనిపిస్తుంది.

తిత్లీ తరవాతి పుస్తకం సంగతి ప్రత్యేకం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అంటు జీడిమొక్క మూడో ఏట కాపు మొదలుపెట్టినా నిండు కాపుకి రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అంటే తోట పోయిన రైతుకి ఆ వేసవి ఒక్కటే పోలేదు, ఆపైన చాలా వేసవులు పోయాయి. పిక్కల మీద ఇచ్చిన డబ్బు చెట్టే లేనప్పుడు దేంతో తీరుతుంది? ఇటు ఫ్యాక్టరీ వైపు చూడండి. ఊళ్ళో పిక్కలు లేకపోతే ఆఫ్రికా నుంచి విశాఖ రేవుకి దిగే పిక్కలు కొనాలి. దానికి రొక్కం కావాలి. 80 కిలోల బస్తా పిక్కల నుంచి దిగేది 20 కిలోల పైచిలుకు పప్పు. అందులో విరగని గుండ్లు ఎన్నో, విరిగిన బద్దలు ఎన్నో అన్నదాని మీద లాభం ఆధారపడుతుంది. అంత సన్నటి లెక్క మీద నడిచే వ్యాపారంలో, తన చేతికి రొక్కం అన్నిటికన్నా అవసరమైన ఏడాదిలో, రావాల్సిన దాన్ని కొట్టేశారని మీ పరిశీలనలో తేలితే, అది ఎంత పెద్ద నిర్ణయమో పాఠకుడికి విడమరిచి చెప్పండి. ఎన్ని ఖాతాలు, మొత్తం కలిపి ఎంత, ఆ ఏడాది ఫ్యాక్టరీ ఎలా నడిచింది అన్నవి రాయండి. ఒక్క పేరూ లేకుండానే మీ పెదనాన్నగారు కోరుకున్నది అక్కడ నెరవేరుతుంది. దానశీలి అన్న మాట మీరు వాడాల్సిన అవసరమే రాదు.

కొందరు వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెబుతారు. చెప్పనివ్వండి. సంవత్సరీకం రోజున మైకు పెట్టి "సాయం పొందినవాళ్ళు రెండు మాటలు మాట్లాడండి" అని మాత్రం అడగకండి. భోజనాలయ్యాక పక్కకి కూర్చుని చెప్పేవాళ్ళ మాటలు వినండి. పేరుతో వెయ్యచ్చా అని వాళ్ళని అడగండి, వాళ్ళ ఇంట్లోవాళ్ళని కూడా అడగమనండి. అచ్చుకి ముందు రాసింది చదివి వినిపించండి. అప్పుడు సరేనంటే వెయ్యండి.

ఆ నోట్లని ఏం చెయ్యాలో మీరు అడగలేదు గానీ నేను చెప్పి తీరాలి. తాతగారు సొంతంగా సంపాదించినదానికి విల్లు లేకపోతే, ఆయనకి రావాల్సిన బాకీలూ ఆస్తిలో భాగమే. మామ్మగారికి, ముగ్గురు కొడుకులకి, ఇద్దరు కూతుళ్ళకి అందులో సమాన వాటా ఉంటుంది. కాలదోషం పట్టిన బాకీ మీద దావా వెయ్యలేరు, నిజమే. కానీ అప్పు తీసుకున్న మనిషి దాన్ని తీరుస్తానని మళ్ళీ కొత్తగా రాసి సంతకం పెడితే ఆ కాగితం చెల్లుతుందని కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. రేపు ఇంట్లో ఎవరికైనా డబ్బు ఇబ్బంది వచ్చి, ఆ పాత నోటు పట్టుకుని ఎవరి గుమ్మంలోనైనా నిలబడితే తాతగారు చేసిందంతా ఆ ఒక్క పూటలో పోతుంది. అందుకని మీ మేనత్తలిద్దరితో సహా అందరూ కూర్చుని ఒప్పుకోండి. తరవాత ఇంటి పెద్ద ఒకరే వెళ్ళి, ఎవరి నోటు వాళ్ళకి, చెల్లు రాసి ఇచ్చేసి రావాలి. ఫొటోలు వద్దు. ఈ మధ్య ఏళ్ళ లెక్క పుస్తకాల్ని మాత్రం ఆడిటరుని అడగకుండా పారెయ్యకండి.

ఇక గేటు తాళం సంగతి. మీ నాన్నగారికి బాధగా ఉంటుంది, కానీ అది రాయాలి. పిక్క పెంకులో ఉండే జీడినూనె తగిలితే చర్మం కాలుతుంది, పొక్కుతుంది. ఆ చేతులతోనే ఆడవాళ్ళు పొద్దస్తమానం కూర్చుని పిక్కలు కొట్టారు, పప్పు పొట్టు తీశారు, కిలోల లెక్కన కూలి తీసుకున్నారు. కూలి పెంచమని అడగడం వాళ్ళ న్యాయం. మీ తాతగారి ఫ్యాక్టరీ నిలబడింది వాళ్ళ చేతుల మీద. పలాస, కాశీబుగ్గల్లో ఆ తాళం గురించి తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు మీ పుస్తకం తిరగేసి, ఆ పేజీ లేదని చూసి, మిగతా పేజీలు కూడా నమ్మరు. గేటు ఎన్నాళ్ళు మూసి ఉంది, ఎవరు వెళ్ళి మాట్లాడారు, కూలి పెరిగిందా లేదా, తరవాత ఆ ఆడవాళ్ళని మళ్ళీ పన్లోకి తీసుకున్నారా అన్నవి కనుక్కోండి. ఆయన తప్పు చేశారని తేలితే అలాగే రాయండి. తప్పు చేసి సర్దుకున్నారని తేలితే అదీ రాయండి. ఆయన మీద మీకున్న ప్రేమ ఆ పేజీతో తగ్గదు, చదివేవాళ్ళకీ తగ్గదు.

అజాతశత్రువు అన్న మాట ఎందుకు వద్దంటానో కూడా చెబుతాను. ముప్ఫయ్యో ఏట సొంత వ్యాపారం అంటే సుమారు 1968. శ్రీకాకుళం నక్సలైటు పోరాటం ఉద్దానంలోకి వచ్చిన కాలం అది. ఆ పోరాటానికి పట్టున్న బొడ్డపాడు మీకు దూరమేమీ కాదు. షావుకార్ల మీద, వాళ్ళు రాయించుకున్న నోట్ల మీద జనంలో ఉన్న కోపానికి ఆ పోరాటంలో పెద్ద చోటుంది. అలాంటి రోజుల్లో ఒక కుర్రవాడు అప్పులిచ్చే వ్యాపారంలోకి దిగాడు. ఎలా దిగాడు? భయపడ్డాడా? వడ్డీ విషయంలో ఆయన పద్ధతులు అప్పటివా, ఆ రోజులు చూశాక మార్చుకున్నవా? నాకు ఈ ప్రశ్న మీ పుస్తకంలో అన్నిటికన్నా పెద్దది అనిపిస్తోంది. దీనికి జవాబు చెప్పగలిగినవాళ్ళు మందసలోని గుమస్తాగారు, మీ మామ్మగారు. ఇంకొన్నాళ్ళు పోతే అడగడానికి ఎవరూ ఉండరు.

వాళ్ళని అడిగే తీరు కూడా చూసుకోండి. "తాతయ్య ఎలాంటివారు?" అంటే "దేవుడమ్మా" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. అడ్వాన్సు అడగడానికి వచ్చినవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టేవారు, అందరి ముందు ఇచ్చేవారా లోపలికి పిలిచి ఇచ్చేవారా, ఎంతసేపు నిలబెట్టేవారు, కాదన్న రోజు ఏమని కాదనేవారు, సాక్షి సంతకానికి ఎవర్ని పిలిచేవారు, కోపం వస్తే ఏం తిట్టేవారు అని అడగండి. ఒక మనిషి చెయ్యి ఎలాంటిదో ఈ జవాబుల్లో తెలుస్తుంది. బస్తాలు మోసిన కళాసీల్ని, పిక్కలు కొట్టినవాళ్ళని కూడా ఇవే అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి, వాళ్ళకి చెప్పి. వాళ్ళు అన్న మాట అన్నట్టే రాయండి. ఎం.ఏ. చదివారు కాబట్టి దిద్దాలని చెయ్యి లాగుతుంది, దిద్దకండి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన పర్వతాలపేట మన జిల్లాలోదే. మాట్లాడే తెలుగులో రాయడానికి ఆయన పడ్డ కష్టం ఇన్నాళ్ళకి మీ పుస్తకానికి ఉపయోగపడనివ్వండి. తాతగారు "ఏటి బాబూ, తిన్నావా" అనేవారైతే పుస్తకంలోనూ అలాగే అనాలి.

మీ మామ్మగారి మాట దగ్గరికి వస్తాను. "తిన్నోళ్ళకి తెలుసు" అన్నారావిడ. ఎవరు వండారమ్మా? తోటల నుంచి పిక్కల బళ్ళతో వచ్చిన రైతులు, పొద్దెక్కాక వచ్చిన కళాసీలు, రైలు దిగి వచ్చిన బేరగాళ్ళు ఆ ఇంట్లో తిని ఉంటే, ఇన్ని దశాబ్దాలు ఆ పొయ్యి ముందు నిలబడ్డది ఆవిడ. ఏ బాకీ అయినా వదులుకోవడానికి ఇంట్లో ఇంకొకరు సర్దుకుని ఉండాలి. వ్యాపారం చెడ్డ ఏడాది ఆవిడ నగలు ఏమైనా తాకట్టులోకి వెళ్ళాయేమో అడగండి. ఎదురుగా కూర్చుని అడిగితే చెప్పరు. వంటింట్లో పని చేస్తూ, ఏ కూర ఎంతమందికి ఎంత వండేవారో దగ్గర మొదలుపెట్టండి. పుస్తకంలో సగం ఆవిడదే అయినా నాకు ఆశ్చర్యం లేదు. పెద్దాయన దాతృత్వం గురించి రాసిన చాలా పుస్తకాల్లో ఇల్లాలికి ఒక ఫొటో, కింద ఒక వాక్యం ఉంటాయి. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మీరు అలా చెయ్యరని నమ్ముతున్నాను.

విగ్రహం గురించి క్లుప్తంగా. రోడ్ల మీద, కూడళ్ళలో, ప్రజలు వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకి చెప్పింది. కాబట్టి సెంటర్ మాట చిన్నాన్నగారు మర్చిపోవాలి. ఫ్యాక్టరీ ఆవరణలో పెట్టుకుంటే మీ ఇష్టం. నన్నడిగితే ఆ డబ్బు ఉద్దానం కిడ్నీ రోగుల వైపు మళ్ళించండి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అయినా వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కి పల్లె నుంచి రావడం, తోడు వచ్చిన మనిషి కూలి పోగొట్టుకోవడం తప్పడం లేదు. ఆటో ఖర్చు, తోడు వచ్చినవాళ్ళకి ఒక పూట భోజనం మీ కుటుంబానికి పెద్ద భారం కాదు, నెలనెలా నడిపించగలరు. శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) తనకొచ్చిన అవార్డు డబ్బుతో 1997లో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం మొదలుపెట్టారు. ఆయన పోయాక కూడా జనం దాని తలుపు తోసుకుని లోపలికి వెళుతున్నారు. చిన్నాన్నగారికి ఆ సంగతి చెప్పి చూడండి. ఏది చేసినా సాయం పొందేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయకండి. తాతగారి పద్ధతి అది కాదు.

మీకున్న నెలల్లో ఆవర్జాలు పూర్తిగా చదవడం కష్టం. సంవత్సరీకానికి పుస్తకం అందకపోతే మీ పెదనాన్నగారు నొచ్చుకుంటారేమో. ఆ రోజుకి తాతగారి ఫొటోతో నాలుగు పేజీలు వేసి పంచండి, పుస్తకం పై ఏడాదికి ఉంచండి. మందస మాత్రం ఈ ఆదివారమే వెళ్ళండి, తిత్లీ ఏడాది ఆవర్జా కూడా పట్టుకెళ్ళండి. గుమస్తాగారు తన చేతిరాత చూస్తే ఏ గీత ఎందుకు కొట్టారో చెప్పగలరు.